కొత్తకు ముందు తెంపిన చిక్కుళ్ళు

మా కొండ బడిలో పొద్దున్నే పాఠం మొదలయ్యే ముందు ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి పిల్లాడూ లేచి, చేతులు కట్టుకుని, ఆ ఉదయం తన కళ్ళతో చూసింది ఒక్కటి చెప్పాలి. విన్నది కాదు, అనుకున్నది కాదు, చూసింది. "నేను చూశాను" అని మొదలుపెట్టాలి. ఒకనాటి ఉదయం నా వంతు వచ్చినప్పుడు "ఏటీ సూడనేదు" అని కూర్చున్నాను. ఆ అబద్ధంతో ఒక మంచి మాస్టారికి రావలసిన గౌరవం రాకుండా పోయింది. నిజం ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం ఒక తప్పయితే, దాన్ని తిరగేసి నవ్వుల కథగా పదిమందిలో చెప్పుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

కిందటి శీతాకాలంలో పట్నంలో ఒక సభ జరిగింది. బళ్ళలో సైన్సు బాగా చెబుతున్నారని కొందరు మాస్టర్లను ఎంచి శాలువాలు కప్పారు. వారిలో నేనూ ఒకణ్ణి. మీ తొలి గురువు గురించి రెండు మాటలు చెప్పండి అన్నారు. నేను ఎప్పటిలాగే ఆ కథ ఎత్తుకున్నాను. కొండమీద మా మొదటి మాస్టారు నోరు కట్టుకోలేక, పండగ కాకుండానే చిక్కుడుకాయలు తినేసి, ఊరిమీదికి పులిని తెచ్చాడని. సభ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

జనం లేచి వెళుతుంటే ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు.

"మీరు చెప్పిన మాస్టారు మా వీధిలోనే ఉంటారండి. పేపర్లో మీ బొమ్మ చూసి, వీడు నా దగ్గర ఓనమాలు దిద్దినవాడు అని ఇంటింటికీ చూపించారు. మోకాళ్ళు సహకరిస్తే ఇవాళ వచ్చి ముందు వరసలో కూర్చునేవారే."

ఆయన రాకపోవడం నా అదృష్టం అనుకున్నాను. అలా అనుకున్నందుకు మరుక్షణమే సిగ్గేసింది. శాలువా మడిచి సంచిలో పెట్టేశాను. దారంతా చలి కోస్తున్నా మళ్ళీ తీయలేదు.

మాది అరకు లోయ అంచున కొండవాలు మీద ఊరు. సర్కారు మీద లేచిన పితూరీ చల్లారిన కొత్తలు. ఎవరు కొత్తగా కొండెక్కినా మావాళ్ళు వాళ్ళ మొహం కన్నా ముందు వాళ్ళ చేతుల్లో ఏముందో చూసేవారు. అలాంటి రోజుల్లో సర్కారు మా ఊళ్ళో ఒక పాక వేసి బడి అంది. ఆ బడికి ఒక కుర్ర మాస్టారు వచ్చాడు. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పంచె, నల్ల గొడుగు, నెత్తిన రేకుపెట్టె. కావడి మోసేవాళ్ళెవరూ దొరక్క పెట్టె తనే మోసుకుంటూ ఘాటీ ఎక్కాడు. చేతిలో లాఠీ లేదు, కాగితాల కట్ట లేదు. అయినా మా తాతకి నమ్మకం కలగలేదు.

"సర్కారోడు మనకి సదువెందుకు సెప్తాడ్రా? రేపు మన గుంటల చేతే మన శిస్తు రాయించడానికి" అన్నాడు.

మా తాత ఆ ఊరి దిశారి. చుక్కలు చూసి విత్తనానికీ, వేటకీ, పెళ్ళికీ, పండక్కీ రోజు కట్టేవాడు. ఆయన కట్టని రోజున మా ఊళ్ళో నాగలి కదిలేది కాదు. అయినా నన్ను బడికి పంపాడు. పంపింది చదువుకోసం కాదు. అక్కడేం జరుగుతోందో వచ్చి చెబుతానని.

ఏం జరిగేదో ఇప్పటికీ ముక్కుతో గుర్తుంది నాకు. చలికాలపు ఉదయాలు, లోయ నిండా మబ్బు. ఇళ్ళ చూరుల్లోంచి కారే పొగ. ఊరి చివర పెద్ద పెనాల్లో పసుపు ఉడుకుతున్న ఘాటు. మా అమ్మ ఆనపబుర్రలో పోసి ఇచ్చిన చోడి అంబలి పులుపు. పాక వెనక వలిసెపూలు పచ్చగా కొండంతా పరుచుకుని, వాటి మీద తేనెటీగల రొద. ఆ రొదలో మాస్టారి గొంతు: "ఏమర్రా, ఏం చూశారు ఇవాళ?"

మొదట్లో మేం ఆయన్ని ఏడిపించాం. ఒకసారి నేనూ ఇంకో గుంటడూ కలిసి ఆయన ముడిచిపెట్టిన గొడుగులో, గెడ్డలో, అంటే మా వాగులో, పట్టిన కప్పని దోపాం. సాయంత్రం వాన మొదలయింది. ఆయన గొడుగు తెరిచాడు. కప్ప తిన్నగా ఆయన నెత్తిమీద పడింది. ఇక బెత్తం లేస్తుందని మేం పారిపోబోతుంటే, ఆయన దాన్ని నెమ్మదిగా అరచేతిలోకి తీసుకున్నాడు.

"చుట్టం వచ్చాడర్రా. ఇటు రండి. ముందుకాళ్ళకి వేళ్ళెన్ని, వెనకకాళ్ళకి వేళ్ళెన్ని? నన్ను చూడకండి, దాన్ని చూడండి."

పుట్టినప్పటినుంచీ కప్పల మధ్య తిరిగిన మాకు, వాటి ముందుకాలూ వెనకకాలూ ఒకలా ఉండవని ఆ వానలో తడుస్తూ తెలిసింది. ఇంటికెళ్ళి తాతతో చెప్పాను. తాత నమ్మలేదు. మర్నాడు గెడ్డకి వెళ్ళి ఒక కప్పని పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఆ తర్వాత నన్ను బడి కబుర్లు అడగడం మానేశాడు. అప్పుడప్పుడు తనే వచ్చి పాక బయట చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు.

ఆ ఏడు పైనుంచి ఒక కబురొచ్చింది. ఏజెన్సీ బళ్ళలో ప్రకృతి పాఠం బాగా చెప్పే మాస్టర్ని ఇనస్పెక్టరు స్వయంగా తిరిగి చూసి ఎంచుతాడట. ఎంచినవాడికి వెండి పతకం. ఆ బడికి ఒక ఇత్తడి యంత్రం, సూక్ష్మదర్శిని. మాస్టారు పతకం మాట ఒక్కసారి చెప్పి వదిలేశాడు. యంత్రం మాట మాత్రం రోజూ చెప్పేవాడు.

"అది వస్తే గెడ్డ నీటిబొట్టులో ఏం తిరుగుతున్నాయో మీ కళ్ళతో మీరే చూస్తారు. అప్పుడు నీళ్ళు కాచుకోమని మీ అమ్మలకి నేను చెప్పక్కర్లేదు, మీరే చెబుతారు."

అంతకు ముందు చలికాలం మా బడిలో ఇద్దరు పిల్లలు విరేచనాలు పట్టుకుని పోయారు. ఆ ఇద్దరూ కూర్చునే చోట మాస్టారు ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. యంత్రం ఆయనకి ఎందుకు కావాలో మాకు అప్పుడు అర్థం కాలేదు. తాతకి అర్థమైంది. అయినా వేళాకోళం మానలేదు.

"నీటిలో పురుగులున్నాయంట! ఈ గెడ్డ నీరు తాగే గదా నాను ముసిలోణ్ణయినాను. నా కడుపులో పురుగులన్నీ ఈపాటికి తాతలైపోయుంటాయి" అనేవాడు.

ఇనస్పెక్టరుకి చూపించడానికి మాస్టారు చిక్కుడు పాదు పెట్టించాడు. విత్తనాలు మైదానంలో వాళ్ళమ్మ పెరటివి. పాక పక్కనే వెదురు పందిరి వేశాం. అన్నీ ఒకేసారి నాటనివ్వలేదు. కొన్ని ముందు, కొన్ని వెనక, కొన్ని ఇంకా వెనక. ఇనస్పెక్టరు వచ్చేసరికి నానిన గింజ, మొలక, తీగ, పువ్వు, పిందె, ముదురుకాయ అన్నీ ఒకే పందిరి దగ్గర వరసగా కనపడాలని ఆయన ఆలోచన. ఒక్కో దశ దగ్గర ఒక్కో పిల్లాడు నిలబడి తను చూసింది చెబుతాడు. నా వంతు ఆఖరిది. ముదురుకాయ ఒలిచి, లోపల గింజ దేన్ని పట్టుకుని ఉందో చూపించాలి.

అక్కడే చిక్కొచ్చింది. మాలో కొత్త అని ఒక పండగ ఉంది. మామిడయినా, సామలయినా, చిక్కుడయినా, ఆ ఏటి పంటను ముందు ఊరి దేవతకి పెట్టి, ఊరంతా కలిసి తిన్నాకే ఎవరైనా నోట పెట్టాలి. అందాకా తెంపకూడదు, ఒలవకూడదు. ముందే తిన్నవాడు ఊరికి పులిని పిలిచినట్టే. మాస్టారి విత్తనాలు తొందరగా కాసే రకం. ఊరి పాదులు పూతలో ఉండగానే మా పందిరి కాయలతో వంగిపోయింది.

మాస్టారు పొగాకు కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"దిశారి బాబూ, చిక్కుడు కొత్త ఈసారి కొంచెం ముందుగా పడుతుందేమో చూస్తారా? ఇనస్పెక్టరు ముందు పిల్లలు కాయ ఒలవాలి. కొత్త కాకుండా నేను ఒలిపించను."

"సుక్కలు నీ ఇనస్పెక్టరు కోసం బేగి నడుత్తాయేటి, మేస్టరు బావూ?"

"నడవవు. అవి ఎప్పుడు ఎక్కడుంటాయో మీకే తెలుసు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను."

తాత పొగాకు వాసన చూసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. అది ఆయన నవ్వు దాచుకునే పద్ధతి. "సూత్తాను" అన్నాడు. చూశాడు. ఇనస్పెక్టరు దిగే ముందురోజుకి కొత్త కట్టాడు. ఊళ్ళో ఒకరిద్దరు గొణిగితే, "సుక్కలు నా కంటికి కనబడతాయా, నీ కంటికా?" అని కసిరాడు.

అంతవరకూ అన్నీ సవ్యంగానే ఉన్నాయి. పాడుచేసింది నేను.

ఒకనాడు మాస్టారిని అడిగాను. "మేస్టారూ, కొత్తకి ముందల తింటే నిజంగా పులొత్తాదా?"

"నాకు తెలీదురా. నేనెప్పుడూ తినలేదు."

"మరి సూడకుండా ఏదీ నమ్మొద్దన్నావు గదా?"

ఆయన నవ్వాడు. "అన్నాను. కానీ కొన్ని పరీక్షలు పదిమందినీ అడక్కుండా చెయ్యకూడదు. పులి వస్తే నీ ఒక్కడింటికే రాదు కదా."

నేను మొదటి మాటే చెవిన వేసుకున్నాను. రెండోది గాలికి పోయింది. ఇనస్పెక్టరు ముందు అందరూ చూసిందే చెబుతారు, నేను ఎవరూ చూడనిది చెబుతాను అనుకున్నాను. మర్నాడు మేకల్ని తోలుకెళుతూ, మబ్బు చాటున, పందిరి కింది తీగకున్న కాయలు గుప్పెడు తెంపాను. వలిసెచేను పైన ఒక బండ ఉంది. దాని మీద పుల్లలు రాజేసి కాల్చాను. తొక్క నల్లగా పేలింది. లోపలి గింజలు వెన్నలా ఉన్నాయి. పొగ, పచ్చిదనం, కొంచెం తీపి. అన్నీ తిన్నాను. తిని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అడవి అంచుకేసి చూస్తూ కూర్చున్నాను. పొద్దు వాలేదాకా ఏదీ రాలేదు. పులి అబద్ధం అనుకుని ఈల వేసుకుంటూ దిగాను.

తెల్లారి లేచేసరికి మా అమ్మ ఏడుస్తోంది. మా ఎర్రదూడ లేదు. కోసిన సామచేలో ఈడ్చుకుపోయిన చార, గెడ్డ ఒడ్డున తడిమట్టిలో పంజా గుర్తు. తాత ఆ గుర్తు పక్కన గొంతుక్కూర్చుని లేవడం లేదు. నేను పిలిచాను, అది వచ్చింది. అంతే తోచింది నాకు.

ఏం చెయ్యాలో తెలీక బడికి పోయాను. పిల్లలు ఒక్కొక్కరే లేస్తున్నారు. "నాను సూసినాను, పులి అడుగు." "నాను సూసినాను, గెద్దలు తిరగడం." అంతలో తాతా, ఊరి పెద్దలూ వచ్చి పాక ముందు నిలబడ్డారు. అదే సమయానికి ఒక గుంట లేచి చెప్పింది. "నాను సూసినాను, మన పందిట్లో కింది తీగకి కాయల్నేవు. ఎవులో తెంపేసినారు."

ఆ తర్వాతి వంతు నాది. లేచాను. చేతులు కట్టుకున్నాను. నా వేళ్ళకి ఇంకా మసి ఉంది. మాస్టారు ఆ వేళ్ళకేసి చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు. పులి వస్తుందా అని నేనడిగింది ఆయనకి గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయింది.

"ఏటీ సూడనేదు" అన్నాను.

"కూర్చో" అన్నాడు మాస్టారు. ఆ మాట మెత్తగానే అన్నాడు. అప్పుడు బయటికి నడిచి, తాత ముందు నిలబడ్డాడు. "కాయలు తెంపింది నేను, దిశారి బాబూ. పిల్లలకి ఏ సంబంధం లేదు."

"నువ్వా?" తాత గొంతు చిన్నబోయింది. "తెలిసే తెంపినావా?"

"తెలిసే."

తాత పందిరికేసి చూశాడు. "నీ కోసం సుక్కల్ని బతిమాలినాను గదా, బావూ. నీ నోటికి ఆ మాత్రం ఓపిక నేకపోయిందా?" అన్నాడు.

పెద్దలు మాస్టారికి తప్పు వేశారు. మేకపోతు, జీలుగు కల్లు. కొత్తని తర్వాతి నెలకి జరిపారు. అందాకా పిల్లలెవరూ మైలపడ్డ ఆ పాక తొక్కకూడదన్నారు. తప్పు చేసింది దిశారి మనవడని తేలితే తాత మళ్ళీ చుక్కల మాట ఎత్తగలిగేవాడు కాదు. మాస్టారు అదంతా ఆ ఒక్క క్షణంలో ఆలోచించాడో లేదో నాకు తెలీదు. బహుశా చూడకుండా నమ్మొద్దని తను చెప్పిన మాటే నన్ను ఆ బండ దాకా తీసుకెళ్ళిందని ఆలోచించాడేమో.

ఇనస్పెక్టరు అనంతగిరి మీదుగా డోలీలో వచ్చాడు. నేను ఆ బండ మీదే బోర్లా పడుకుని, వలిసెపూల సందుల్లోంచి చూశాను. పందిరి దగ్గర మాస్టారు ఒక్కడే. గింజ దగ్గర నిలబడి చెప్పాడు. మొలక దగ్గరికి నడిచి చెప్పాడు. పువ్వు దగ్గరికి నడిచి చెప్పాడు. ప్రతి దశ దగ్గరా ఒక పిల్లాడు నిలబడవలసిన చోటు వదిలి, పక్కన నిలబడి చెప్పాడు. ముదురుకాయ దగ్గరికి వచ్చి దాన్ని ముట్టుకోలేదు.

ఇనస్పెక్టరు గొంతు పెద్దది, పైదాకా వినపడింది. "పాదు బాగుందయ్యా. పిల్లలేరీ? చెట్లకి చెబుతున్నావా పాఠం?"

మాస్టారు ఏమన్నాడో వినపడలేదు. ఇనస్పెక్టరు మా తాతని పిలిచి మాస్టరెలాంటివాడని అడిగాడు. తాత అబద్ధం ఆడేవాడు కాదు. "గుంటలకి బాగా సెప్తాడు బావూ. గానీ నోరు కట్టుకోనేడు" అని నాకూ వినపడేంత గట్టిగా అన్నాడు. డోలీ మోసేవాళ్ళు నవ్వారు. ఆ మాటే ఊళ్ళో సామెతయిపోయింది. పరిగెత్తుకుంటూ దిగితే చాలు, అప్పటికీ సరిపోయేది. దిగలేదు. బండ చల్లగా పొట్టకి తగలడం, పూల మధ్య చీమ ఒకటి నా చేతి మీద నడవడం, అన్నీ చూశాను. దిగలేదు.

పతకం కొండ దిగువ ఇంకో మాస్టారికి వెళ్ళింది. ఇత్తడి యంత్రమూ ఆ బడికే. ఆయన పటాలు చూపించి వల్లె వేయించేవాడని విన్నాను. ఆయన తప్పేమీ లేదు, ఆయన పిల్లలు ఆయన పక్కన నిలబడ్డారు.

మర్నెల చిక్కుడు కొత్త జరిగింది. దేవతకి పెట్టాక ఊరంతా బంతులుగా కూర్చున్నారు. మాస్టారికి ఎడంగా, చివర, అడ్డాకు వేశారు. ఉడికిన చిక్కుళ్ళు ఆకులో పడ్డాయి. ఆయన ఒక కాయ తీసి, ఒలిచి, గింజ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఎంత బాగున్నాయి!" అన్నాడు.

"మొదటిపాలి తిన్నట్టే సెప్తున్నాడు సూడు!" ఎవరో అన్నారు. బంతి బంతంతా నవ్వింది. ఆ ఏడు అది మొదటిసారే అని ఆ నవ్వేవాళ్ళలో నా ఒక్కడికే తెలుసు. నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలం ఆయన్ని బదిలీ చేశారు. ఘాటీ మలుపు దాకా రేకుపెట్టె నేను మోశాను. పెట్టె అందుకుంటూ, "పందిట్లో ఎండిన కాయలు అమ్మకిచ్చి దాయించు. మంచి రకం" అన్నాడు. ఆ తర్వాత, "ఏం చూశావురా ఇవాళ?" అన్నాడు. అది నాకిచ్చిన మరో వంతు.

"మబ్బు సూసినాను" అన్నాను.

ఆయన తల ఊపి, గొడుగు తెరిచి, లోపల ఏమైనా ఉందేమో చూసుకుని, దిగిపోయాడు.

నేను చదువుకున్నాను. సైన్సు మాస్టర్నయ్యాను. వరి, సామ కోతలయ్యాక పశువులు మోళ్ళలోకి దిగుతాయనీ, వాటి వెనక పులి దిగుతుందనీ, మా ఊళ్ళో అది ఏటా జరిగేదేననీ తర్వాత తెలుసుకున్నాను. ఒకదాని వెనక ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని నా పిల్లలకి పాఠం చెప్పాను. ఉదాహరణకి పులినీ చిక్కుళ్ళనీ చెప్పేవాణ్ణి. ఆ పాఠంలో కూడా కాయలు తిన్నది మాస్టారే.

సభ అయిన కొద్దిరోజులకి చిక్కుడు కొత్తకి ఊరెళ్ళాను. తాత పోయి చాలాకాలమయింది. ఇప్పుడు నా బాబాయి కొడుకు దిశారి. బంతిలో లేచి నిలబడి, ఆ ఏడు తెంపింది నేనని చెప్పాను. ముసలివాళ్ళు నా వంక తేరిపార చూశారు. తమ్ముడు మాత్రం, "ఇన్నాళ్ళు మా నవ్వులన్నీ తప్పు మనిషి మీద పడ్డాయన్నమాట. తప్పు కట్టు, అన్నా" అన్నాడు. మేకపోతుని కట్టాను. మాస్టారి విత్తనం ఇప్పటికీ మా ఊళ్ళో ప్రతి పందిరి మీదా పాకుతోంది. ఆ కాయలు ఒక సంచిలో వేసుకుని కొండ దిగాను.

ఆయన వీధరుగు మీద పడకకుర్చీలో ఉన్నాడు. జుట్టు ముగ్గుబుట్ట. నన్ను పోల్చుకుని, "రారా, రా! శాలువా తెచ్చావా, ఎలా ఉందో చూద్దాం" అన్నాడు. నేను కాయలు ఆయన ఒళ్ళో పోశాను. ఒకటి తీసి వేళ్ళతో తడిమాడు, వాసన చూశాడు. ఒలవలేదు.

"కొత్త అయిందా?" అని అడిగాడు.

"అయింది మాస్టారూ."

"అయితే ఒలవొచ్చు" అంటూ గోరు ఆన్చాడు.

"కొంచెం ఆగండి" అన్నాను. లోపల్నుంచి ఆయన భార్య కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోలేదు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, చేతులు కట్టుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన కాయ ఒళ్ళో పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని, పాకలో చూసినట్టే నా కళ్ళల్లోకి చూశాడు. ఎన్నో సభల్లో మాట్లాడిన నాకు పుస్తకాల భాష ఒక్కటీ నోటికి రాలేదు. కొండ మాటే వచ్చింది.

"నాను సూసినాను, మేస్టారూ. కింది తీగ కాయలు తెంపింది నానే. బండ మీద కాల్చుకు తిన్నాను. మీరు తిన్నేదు. తిన్నేదని తెలిసీ ఊరుకున్నాను. ఊరు నవ్వితే నవ్వినాను, సబల్లో నానే నవ్వించినాను. తప్పయిపోనాది, మేస్టారూ."